కొసరు డిగ్రీ

ఆసుపత్రి నుంచి ఇంటికి చేరిన రోజున నా చేతిలో ఉన్న సరుకు ఇది: పాత మోకాలు ఒకటి, కొత్త మోకాలు ఒకటి, వాకరు ఒకటి, ఐదో తరగతి దాకా చదువు, మా ఊరి కొబ్బరి యార్డులో పద్నాలుగో నంబరు కొట్టు, అరవై రెండు డిగ్రీలు.

చివరి సరుకు నాకూ కొత్తదే. మోకాలు మార్చినవాళ్ళకి అది ఎంత వంగుతోందో కొలుస్తూ ఉంటారు. కాలు బారజాపితే సున్నా. మడమను వెనక్కి లాక్కొచ్చేకొద్దీ డిగ్రీలు పెరుగుతాయి. గొంతుకూర్చోగలిగినవాడికి నూట నలభై దాకా ఉంటాయట. నలభై ఏళ్ళు కాయల రాశి ముందు గొంతుకూర్చుని, కాయను కాయతో తట్టి, చెవి దగ్గర ఆడించి బేరం చేసినవాణ్ణి నేను. అప్పుడు నా దగ్గర ఎన్ని డిగ్రీలుండేవో ఎవరూ కొలవలేదు. ఉన్నంతకాలం ఏ సరుకునీ ఎవరూ కొలవరు.

రోజు విడిచి రోజు ప్రిస్కిల్లా అనే ఫిజియోథెరపీ ఆవిడ ఇంటికి వచ్చేది. ఇద్దరు పిల్లల తల్లి. నవ్వుతూనే కాలు విరిచే రకం. మంచం మీద పడుకోబెట్టి, మడమ కింద ప్లాస్టిక్ కాగితం వేసి, కాలు వెనక్కి లాక్కోమనేది.

"లెక్కపెట్టండి అంకుల్. ఒకటి."

"లాభం," అన్నాను.

"ఏంటి?"

"మా వ్యాపారంలో ఒకటి ఉండదమ్మా. కొలతైనా లెక్కయినా లాభంతోనే మొదలు. లాభం, రెండు, మూడు..."

ఆరు దాకా సజావుగానే సాగింది.

"ఆరున్నొకటి," అన్నాను.

"ఇదేంటి మళ్ళీ?"

"ఆ అంకె నోటితో అనం. అంటే ఏడవమన్నట్టు."

"ఈ వ్యాయామం ఏడవకుండా చేసినవాణ్ణి నేనింతవరకూ చూళ్ళేదు. అనండి, ఏడు!" అని మోకాలి మీద చెయ్యి వేసి నొక్కింది. అంకె అనలేదు గానీ, ఆ అంకె చెప్పిన పని మాత్రం చేశాను.

మా ఆవిడ మాణిక్యం వాకిట్లోంచి చూసి, "కాయలు కొట్టినన్నాళ్ళు అవి ఎంత బాధపడ్డాయో ఇప్పుడు తెలుస్తోందా?" అంది.

ఆవిడ కోపానికి కారణం వేరే ఉంది. వంగడం నాకు చేతకాదు కనుక నా కాలిగోళ్ళు ఆవిడ తీయవలసి వస్తోంది. ఆదివారం ఆదివారం గోళ్ళు తీసే కత్తెరతో నా కాళ్ళ దగ్గర కూలబడి, "నలభై ఏళ్ళ కాపరంలో మొగుడికి అన్నం పెట్టాను, తలంటాను, తిట్లు తిన్నాను. ఈ ఉద్యోగం మాత్రం పెళ్ళిలో చెప్పలేదు," అనేది. నాకు ఆపరేషన్ నొప్పి కంటే ఆ అరగంటే ఎక్కువ కష్టంగా ఉండేది. ఒకరి చేత పని చేయించుకుని ఊరికే కూర్చోవడం వ్యాపారికి పడదు.

ఇంటికొచ్చిన పన్నెండో రోజున యార్డు నుంచి నోటీసు వచ్చింది. ఆ ఏడాది ఎక్కడో ఎవరికో మార్కెట్లన్నీ చదువుకోవాలని తోచింది. అది మెట్లు దిగీ దిగీ మా దాకా ఇలా వచ్చింది:

"విద్యావంతుల మార్కెట్ పథకము. ఇందుమూలముగా యావన్మంది లైసెన్సుదారులకు తెలియజేయునది ఏమనగా, లైసెన్సు పునరుద్ధరణ కోరు ప్రతి వ్యాపారికి డిగ్రీ ఉండవలెను. డిగ్రీ లేనివారి కొట్లు మార్చి ముప్పై ఒకటవ తేదీ సాయంత్రము ఐదు గంటలకు స్వాధీనపరచుకొనబడును."

మా యార్డులో నూట నలభై కొట్లు. నూట నలభై మందికీ కలిపి ఒక్క డిగ్రీ లేదు. ఎనిమిదో నంబరు కొట్టాయన ఇంటర్ తప్పాడు. మా అందరికీ ఉత్తరాలు చదివిపెట్టేది ఆయనే. మా అమ్మాయికి డిగ్రీ ఉంది గానీ అది రాజమండ్రిలో పాఠాలు చెప్పుకుంటోంది, దానికి కొబ్బరికాయతో పచ్చడి వరకే పని. పైగా ఇప్పటి నిబంధనల ప్రకారం లైసెన్సు ఇంకొకరి పేరుకి మారదు. మా నాన్న తాటాకుల పందిరి కింద మొదలుపెట్టిన కొట్టు అది. నోటీసు రెండుసార్లు చదివించుకుని, కొట్టు తాళంచెవి తెప్పించి నా దిండు కింద పెట్టుకున్నాను.

నోటీసుతో పాటు ఒక ఫారం ఉంది. మాణిక్యం దస్తూరీ ముత్యాల్లా ఉంటుంది కనుక ఆవిడే రాయడానికి కూర్చుంది. నేను మోకాలి మీద ఐసు పెట్టుకుని కళ్ళు మూసుకున్నాను.

"తొమ్మిదో గడి. డిగ్రీ: ఎంత, ఎప్పుడు సాధించారు, సర్టిఫికెట్ జతపరచాలి," అని చదివింది.

"లేదని రాయి."

"లేదేంటండీ? పొద్దున్నే ప్రిస్కిల్లా డెబ్బై ఎనిమిది అని రాసి, సంతకం పెట్టి, ఆసుపత్రి ముద్ర కొట్టి మరీ వెళ్ళింది కదా."

"అవి ఇవి కాదే."

"ఏ డిగ్రీ అని అడిగాడా? అడగలేదు. ఎంత అన్నాడు. ఉన్నది చెప్పుకోడానికి మొహమాటమేంటి?"

నేను కళ్ళు తెరిచి ఆలోచించాను. ఎండుకాయో ముదురుకాయో చెప్పకుండా వంద కాయలు పంపమన్నవాడికి మన దగ్గర ఏవుంటే అవే పంపుతాం. తిప్పి పంపుతాడో పుచ్చుకుంటాడో అతని ఇష్టం.

"రాసెయ్," అన్నాను.

వారం తిరక్కుండా యార్డు సెక్రటరీ త్రివిక్రమరావుగారు ఫోన్ చేశారు. ఆయన మాట్లాడితే ఉత్తరం చదువుతున్నట్టే ఉంటుంది.

"భీమేశ్వరంగారూ, తమరి డెబ్బై ఎనిమిది డిగ్రీలు అందినవి. మిక్కిలి సంతోషించడమైనది. ఈ యార్డులో ఒక్క డిగ్రీ గల వ్యక్తి కూడా లేని పరిస్థితిలో తమరు ఇంతటి విద్యను మరుగుపరచి కాయలమ్ముకొనుట శోచనీయం. పై ఆఫీసుకి ఆ అంకె పంపించేశాను."

"సర్టిఫికెట్ చూశారాండీ?"

"చూచితిని. ఆసుపత్రి వారిది. ఈ రోజుల్లో విశ్వవిద్యాలయాలు ఎక్కడెక్కడో ఉంటున్నవి."

"అవి మోకాలి డిగ్రీలండీ."

అవతల తలుపు మూసిన చప్పుడైంది. ఆ తర్వాత ఆయన మొదటిసారి మామూలు మనిషిలా మాట్లాడారు.

"చూడండి భీమేశ్వరంగారూ. పైకి వెళ్ళిన అంకె కిందికి రాదు. తప్పు అని రాస్తే నా ఉద్యోగం పోతుంది, ఒప్పు అని రాస్తే మీ కొట్టు ఉంటుంది. ఇకనుంచి మన యార్డులో డిగ్రీ అంటే మోకాలే."

సంగతి మధ్యాహ్నానికి యార్డంతా పాకింది. సాయంత్రానికి పదిహేనో నంబరు కొట్టు పోతులయ్య మా ఇంటికి వచ్చేశాడు. ముప్పై ఏళ్ళుగా పక్క పక్క కొట్ల వాళ్ళం. చుట్టరికం లేకపోయినా బావా అంటే బావా అనుకుంటాం.

"నిజమేనేంటి బావా? మోకాళ్ళకి డిగ్రీలిత్తన్నారంట కదా!"

"వచ్చినవాళ్ళకి ఇస్తున్నారు."

"అయితే నా సంగతి చూడు," అని పంచె ఎగ్గట్టి మా హాల్లో గొంతుకూర్చున్నాడు. మళ్ళీ లేచాడు. మళ్ళీ కూర్చున్నాడు. అరవై ఏళ్ళవాడు కప్పలా గెంతుతుంటే నాకు కడుపు మండింది. ఆ వేళకి నా కాలు చూడడానికి వచ్చి ఉన్న ప్రిస్కిల్లా కొలిచి, "నూట నలభై రెండు," అంది.

"నీకన్నా డబుల్ బావా నేను! చదూకోకుండానే!"

పోతులయ్య దరఖాస్తు నాలుగు రోజుల్లో తిరిగొచ్చింది. "సదరు డిగ్రీలు దరఖాస్తుదారునకు పుట్టుకతో సంక్రమించినవే గాని, కష్టించి సాధించినవి కావు. వారసత్వపు డిగ్రీలు చెల్లవు. కొత్తగా అమర్చబడిన మోకాలియందు సాధించిన డిగ్రీలు మాత్రమే పరిశీలింపబడును."

పోతులయ్య ఆ కాగితం జేబులో పెట్టుకుని తిన్నగా కాకినాడలో ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. వచ్చి నా మంచం పక్కన స్టూలు మీద కూలబడ్డాడు.

"బాగున్న మోకాలు తియ్యనంటాడేంటి బావా ఆయన? అరిగాక రమ్మన్నాడు. మార్చి ముప్పయ్యొకటికల్లా అరగాలంటే రోజుకి ఎన్ని మెట్లెక్కాలో కాయితం మీద రాసిమ్మన్నాను. బయటికి గెంటించాడు."

"ఆయన తప్పేముంది?"

"తప్పేవుందంటావేంటి! నీది అరిగింది కాబట్టి నువ్వలాగే అంటావు. అదురుట్టం ఉండాలి బావా దేనికైనా."

జీవితంలో నన్ను చూసి పోతులయ్య అసూయపడడం అదే మొదలు. ఆ వారంలో యార్డు వ్యాపారులు పాతికమంది మంచినీళ్ళ ట్యాంకు మెట్లు ఎక్కుతూ దిగుతూ కనిపించారు. ఆరోగ్యం కోసం అనుకుని ఊళ్ళో వాళ్ళు వాళ్ళని మెచ్చుకున్నారు.

నా పని అయిపోయిందనుకుంటూ ఉండగా రెండో ఉత్తరం వచ్చింది. డెబ్బై ఎనిమిది అనే అంకె చూసి పై ఆఫీసువారు ముచ్చటపడి, ఇంత విద్య ఉన్నచోట ఊరికే డిగ్రీ చాలదు, ప్రథమ శ్రేణి ఉండాలన్నారట. త్రివిక్రమరావుగారు లెక్క కట్టి పంపారు. మొత్తం నూట ఎనభై. ప్రథమ శ్రేణికి నూటికి అరవై. అంటే నూట ఎనిమిది. "సదరు సంఖ్య శుభప్రదము కూడా," అని కింద రాశారు.

ప్రిస్కిల్లాకి ఒళ్ళు మండి ఫోన్ చేసింది. "సార్, మనిషి మోకాలు నూట ఎనభై వంగదండీ. అలా వంగితే అది విరిగినట్టు."

"అమ్మా, అది అభ్యర్థి యొక్క సమస్యయే గాని, పాఠ్యప్రణాళిక యొక్క సమస్య కాదు," అన్నారాయన.

ఆ రోజుకి నా దగ్గరున్నవి తొంభై నాలుగు. కావలసినవి నూట ఎనిమిది. గడువు పందొమ్మిది రోజులు. లెక్కకి తేలికగానే ఉంది, రోజుకి ముప్పాతిక డిగ్రీ కూడా పడదు. కానీ లెక్కలొచ్చింది నాకు, మోకాలికి రావు.

పాదానికి తువ్వాలు చుట్టి రెండు కొసలూ చేత్తో పట్టుకుని లాక్కునేవాణ్ణి. నా బలం చాలకపోతే మాణిక్యం లాగేది. తొంభై ఆరు. తొంభై తొమ్మిది. ఒకరోజు ఆత్రంగా ఎక్కువ చేస్తే వాచిపోయి తొంభై ఆరుకి దిగింది. మా సెక్రటరీగారు చరిత్రలో బి.ఏ. ఏ రాజు తర్వాత ఏ రాజో ఆయనకిప్పుడు గుర్తులేదని ఆయనే చెబుతారు. అయినా ఆయన డిగ్రీ ముప్పై ఏళ్ళుగా గోడ మీద అలాగే ఉంది. నేను రెండు రోజులు తువ్వాలు లాగకపోతే మూడు డిగ్రీలు మాయమవుతున్నాయి. ఏ చదువు గట్టిదో నేను చెప్పను.

ఇరవై ఐదో తేదీకి నూట మూడు. ఆ రోజు తువ్వాలు వదిలేసి గోడ వైపు తిరిగి పడుకున్నాను. మాణిక్యం వచ్చి కూర్చుంది.

"పోతే పోనిద్దురూ కొట్టు. నడుస్తున్నారు, అది చాలదా?"

"నడిచి ఎక్కడికెళ్ళాలి?" అన్నాను.

ఆవిడ తువ్వాలు తీసి మళ్ళీ నా పాదానికి చుట్టింది. "అనండి, లాభం," అంది.

ఇక కొలత ఎక్కడ జరగాలన్న ప్రశ్న వచ్చింది. యార్డు ఆవరణ వెలుపల తీసిన ఏ కొలతా చెల్లదని నిబంధన. ఇంకా గతుకుల రోడ్డు మీద ప్రయాణం వద్దని డాక్టరు మాట. రెండు ఆజ్ఞలనూ ఏకకాలంలో పాటించే మార్గం త్రివిక్రమరావుగారు కనిపెట్టారు. ఉత్తర్వు ఇలా ఉంది:

"శ్రీ కంచర్ల భీమేశ్వరంగారి ఇంటి ముందుగదిని, మంచముతో సహా, మార్చి ఇరవై తొమ్మిదవ తేదీ ఉదయము పది నుండి సాయంత్రము ఐదు వరకు సకల నిబంధనలకు లోబడిన మార్కెట్ యార్డుగా ప్రకటించడమైనది."

ఆ ఉదయం పదింటికి మా ముందుగది గుమ్మానికి ఒక తాడు అడ్డంగా కట్టారు. యార్డు గుమాస్తా సూరప్పడు తాడు పక్కన కుర్చీ వేసుకుని పెద్ద రిజిస్టరు తెరిచాడు. లోపల త్రివిక్రమరావుగారు, ప్రిస్కిల్లా, చొక్కా చేతులు మడిచిన ఒక పెద్దమనిషి. ఆయన మా ఊరి పశువుల డాక్టరు.

"ఆయనెందుకండీ?" అన్నాను.

"నియమాల ప్రకారం అసలు ప్రతిని చూపవలెను. తమరి అసలు మోకాలేది?"

"ఆసుపత్రివాళ్ళు తీసి పారేశారండీ. ఇది కొత్తది."

"అనగా నకలు. నకలును గెజిటెడ్ అధికారి ధ్రువీకరించవలెను. ఊరిలో ప్రస్తుతము సెలవులో లేని గెజిటెడ్ అధికారి వీరొక్కరే."

పశువుల డాక్టరు కళ్ళజోడు పెట్టుకుని కొత్త మోకాలు చూశాడు. "అసలుతో సరిపోల్చి చూశానని రాయాలి. దేనితో సరిపోల్చను?" అన్నాడు.

"ఎడమది అసలేగా సార్," అన్నాడు గుమ్మం దగ్గర్నుంచి సూరప్పడు.

ఆయన ఎడమ మోకాలు చూశాడు, కుడి మోకాలు చూశాడు. రెండూ ఒక మనిషివే అని తృప్తిపడి, ఊదారంగు సిరాతో నా కుడి మోకాలి మీద 'నిజమైన నకలు' అని ముద్ర కొట్టి, చిప్ప పక్కన సంతకం పెట్టాడు. "గేదెలైతే ఇంత కదలవు," అని నాకు చిన్నగా చెప్పాడు.

అంతలో మాణిక్యం వంటింట్లోంచి కాఫీ గ్లాసులు నాలుగు పట్టుకొచ్చింది. సూరప్పడు తాడు దగ్గర ఆపాడు.

"ఆగండమ్మా. యార్డులోకి సరుకు వస్తే చీటీ రాయాలండి."

"ఇది నా ఇల్లు నాయనా."

"అయిదింటి దాకా కాదండి. సరుకు?"

"కాఫీ."

"ఎన్ని?"

"నాలుగు. నీక్కూడా అందులోదే ఒకటి."

సూరప్పడు 'కాఫీ, గ్లాసులు నాలుగు, లోనికి' అని రాసి, చీటీ చింపి ఆవిడ చేతికిచ్చి, తాడు పైకెత్తాడు. ఆవిడ ఆ చీటీ నడుం దగ్గర దోపుకుంది.

కొలత మొదలైంది. ప్రిస్కిల్లా కొలత పుల్ల నా మోకాలి పక్కన ఆనించింది. నేను తువ్వాలు లాగాను. తొంభై దాకా ఇంట్లో నడిచినట్టుంది. నూరు దగ్గర పళ్ళు బిగిశాయి. నూట మూడు దగ్గర దుప్పటి పిడికిట్లోకి వచ్చింది. నూట ఐదు. ముద్ర ఉన్నచోట చర్మం సాగి 'నిజమైన' అన్న మాట బారెడు పొడుగైంది. నూట ఆరు. ఆ పైన ఇంకొక్క గీత. అక్కడ ఆగిపోయింది. ఎంత లాగినా, మాణిక్యం వచ్చి లాగినా, కదల్లేదు.

"ఎంత?" అన్నారు సెక్రటరీగారు.

ఆ అంకె చెప్పడం ప్రిస్కిల్లాకి కూడా ఇష్టం లేకపోయింది.

"నూట ఆరున్నొకటి," అన్నాను నేనే.

"అనగా నూట ఏడు. ఒక డిగ్రీ తక్కువ. అభ్యర్థి ఉత్తీర్ణుడు కాలేదు. సప్లిమెంటరీ సెప్టెంబరులో జరుగును."

"కొట్టు ఎల్లుండి పోతోంది కదండీ."

"కొట్టు మార్చిలో పోవును. పరీక్ష సెప్టెంబరులో వచ్చును. రెండింటికీ సంబంధం లేదు," అని ఆయన కలం మూత తీశారు.

నేను కాలు మెల్లగా చాపాను. చెమట తుడుచుకున్నాను. మూసే కొట్టు ముందు నిలబడ్డ మనిషికి బుర్ర ఎందుకు పనిచేస్తుందో నాకు తెలియదు గానీ, పనిచేసింది.

"సెక్రటరీగారూ, కొసరు కలిపారాండీ?"

"ఏమి కొసరు?"

"యార్డు నిబంధన ఇరవై రెండు. సూరప్పడూ, చదువు."

సూరప్పడికి అది కంఠతా వచ్చు. పోయినేడు పోతులయ్య వంద కాయల లెక్కలో కొసరు కాయ వెయ్యలేదని ఇదే సెక్రటరీగారు వారం రోజులు అతని కొట్టు మూయించారు. ఆ ఉత్తర్వు రాసింది సూరప్పడే.

"'యార్డు ఆవరణలో జరుగు ప్రతి లెక్కింపునందును నూటికి ఒకటి చొప్పున కొసరు కలిపి లెక్కించవలెను. కలపనిచో సదరు లెక్క చెల్లదు,'" అని ఒక్క ఊపిరిలో అప్పజెప్పాడు.

"అది కాయలకు!"

"కాయలు అని లేదండి సార్. ప్రతి లెక్కింపు అని ఉందండి."

"ఏ డిగ్రీయో మీరు ఫారంలో అడగలేదు, ఏ లెక్కో నిబంధనలో రాయలేదు," అన్నాను. "నూరు దాటాయి కాబట్టి కొసరు ఒకటి. నూట ఎనిమిది."

త్రివిక్రమరావుగారు గది నాలుగు మూలలూ చూశారు. క్యాలెండరు, దేవుడి పటం, మంచం కింద బెడ్‌పాన్. "అయినను, ఇది వాస్తవముగా యార్డు కాదు కదా. ఒక గృహము. సౌకర్యార్థము మాత్రమే..."

మాణిక్యం నడుం దగ్గర దోపుకున్న చీటీ తీసి ఆయన ముందు పెట్టింది.

"ఇల్లయితే నా కాఫీకి చీటీ ఎందుకు రాశారండీ మరి?"

పశువుల డాక్టరుకి పొరబోయింది. మింగుతున్న కాఫీ చొక్కా మీద పడింది. సెక్రటరీగారు చీటీని చాలాసేపు చూశారు. ఆయన ఇల్లు కాదనగలరు, యార్డు కాదనగలరు, కానీ నంబరు వేసి సంతకం పెట్టిన కాగితాన్ని కాదనగలిగిన అధికారి ఇంకా పుట్టలేదు.

"రాయండి," అన్నారు చివరికి. "సాధించినవి నూట ఏడు. కొసరు ఒకటి. వెరసి నూట ఎనిమిది. ప్రథమ శ్రేణి."

నా లైసెన్సు ఆ మంచం మీదనే తిరగరాశారు.

అయితే యార్డులో ఒక్కడికే డిగ్రీ ఉంటే ఆ ఒక్కడు ఊరికే ఉండకూడదట. ఆ సాయంత్రమే నన్ను డిగ్రీల గుర్తింపు సంఘానికి అధ్యక్షుణ్ణి చేశారు. సంఘంలో ఇంకెవరూ లేరు కాబట్టి తీర్మానాలు త్వరగా జరిగాయి. పక్కన కొట్లు లేకుండా ఒక్క కొట్టుకి బేరం రాదు. పోతులయ్య కొట్టు ముందు ఆగిన కొనుగోలుదారే నా కొట్టు ముందుకీ వస్తాడు. అందుచేత నేను ఇలా తీర్మానించాను: పుట్టినవాడెవడూ నడుస్తూ పుట్టలేదు. పాకి, పడి, లేచి, నిలబడి సాధించాడు. కాబట్టి మోకాలి డిగ్రీలు ఎవరివైనా సాధించినవే. సాక్ష్యం తల్లి చెబితే చాలు. తల్లి లేకపోతే పెంచినవాళ్ళెవరైనా.

ముప్పయ్యో తేదీన యార్డు ఆఫీసు ముందు ముసలమ్మలు బారులు తీరారు. పోతులయ్య తల్లి తొంభై ఏళ్ళ మనిషి. కుర్చీలో మోసుకొచ్చారు. నేను ఫోన్‌లో వింటున్నాను.

"తమరి కుమారుడు ఈ డిగ్రీలను కష్టించి సాధించెనా?" అని సెక్రటరీగారు అడిగారు.

"ఆడేం కట్టపడ్డాడు బాబూ! పద్నాలుగో నెల దాకా కదిలితే ఒట్టు. బెల్లం ముక్క సూపించి పాకించేతలికి నా నడుం ఇరిగింది. రాసుకో, ఆ డిగ్రీ నాది!"

"అమ్మా, ఊరుకోవే!" అని పోతులయ్య గొంతు.

సెక్రటరీగారు "శిక్షణ: తల్లిగారి వద్ద" అని రాసుకున్నారు. ముప్పయ్యొకటో తేదీ ఐదింటికి ఒక్క కొట్టు కూడా స్వాధీనం కాలేదు. అందరివీ నూట ఎనిమిది దాటాయి. తర్వాత నెలలో మా యార్డుకి నూటికి నూరు పాళ్ళు పట్టభద్రుల మార్కెట్ అని బహుమానం వచ్చింది. త్రివిక్రమరావుగారికి శాలువా కప్పారు. ఎనిమిదో నంబరు కొట్టాయనే ఇప్పటికీ మా అందరికీ ఉత్తరాలు చదివిపెడుతున్నాడు.

నేను ఏప్రిల్ చివరికి కొట్టుకి వెళ్ళాను. గొంతుకూర్చోవడం ఇక ఈ జన్మకి లేదు కనుక ఎత్తు బల్ల వేయించుకుని, కాయల్నే నా దగ్గరికి రమ్మన్నాను. తువ్వాలు మానలేదు. మే నెలలో ప్రిస్కిల్లా చివరిసారి కొలిచి, "నూట పన్నెండు," అంది. దాచుకోవడం మర్యాద కాదని యార్డుకి ఆ సంగతి రాయించాను. జవాబు వచ్చింది.

"రికార్డుల ప్రకారము సదరు మోకాలు నూట ఎనిమిది డిగ్రీలు మాత్రమే వంగును. పూర్వానుమతి లేనిదే అదనముగా వంచరాదు."

కనుక లెక్క ఇలా తేలింది. మొదలు చేతిలో ఉన్నవి అరవై రెండు. తువ్వాలు లాగి కూడబెట్టినవి నలభై ఐదు. కొసరు ఒకటి. రికార్డులో ఉన్నవి నూట ఎనిమిది. కొట్టు ఉంది. వాకరు పోతులయ్య పట్టుకెళ్ళాడు. ట్యాంకు మెట్లు ఎక్కీ ఎక్కీ అతని మోకాలు ఇప్పుడు నిజంగానే అరిగింది. మోకాలి మీది ఊదారంగు ముద్ర పద్దెనిమిది స్నానాలకి పోయింది. ఇవి కాక, ఏ రిజిస్టరులోనూ లేని డిగ్రీలు నాలుగు నా దగ్గర ఉండిపోయాయి.

ఆ నాలుగూ దేనికి పనికొచ్చాయో ఆ తర్వాతి ఆదివారం తెలిసింది. మంచం అంచున కూర్చుని, కుడి పాదం స్టూలు మీద పెట్టి, ముందుకి వంగాను. చెయ్యి బొటనవేలికి అందింది. కత్తెర తీసుకున్నాను. తన వంతు పనికి చాప పట్టుకుని వచ్చిన మాణిక్యం గుమ్మంలోనే ఆగిపోయింది. కాసేపు చూసింది. చాప చుట్టి గోడకి ఆనించింది.

మొదటి గోరు టక్కున తెగి కింద పడింది.

"ఒకటి," అంది మాణిక్యం.

"లాభం," అన్నాను.